ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిగ్రీకి ఏ కెమిస్ట్రీ కావాలి, ఎంత కావాలి?

ప్రశ్న: మాది అటానమస్ డిగ్రీ కాలేజీ. బీఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మేజర్ పిల్లలు ఇప్పటిదాకా కెమిస్ట్రీ మేజర్ వాళ్లతో కలిసి కూర్చుని ఇనార్గానిక్, ఆర్గానిక్, ఫిజికల్, అనలిటికల్ అని నాలుగు కెమిస్ట్రీ పేపర్లు చదువుతున్నారు. ఒక్కోదానికి థియరీ 3, ల్యాబు 1 చొప్పున మొత్తం 16 క్రెడిట్లు. ఆర్గానిక్‌లోనూ ఫిజికల్‌లోనూ బ్యాక్‌లాగులు పేరుకుపోతున్నాయి. ఇంటర్లో సీఈసీ, ఒకేషనల్ చదివి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్లోనే చేతులెత్తేస్తున్నారు. ఆ రెండు పేపర్లూ తీసేద్దామని మా విభాగంలో కొందరంటున్నారు. తీసేస్తే డిగ్రీకి విలువ ఉండదని కెమిస్ట్రీ విభాగం పట్టుబడుతోంది. వచ్చే నెల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం. ముసాయిదా నేను రాయాలి. ఎక్కడ మొదలుపెట్టను?
– ఒక లెక్చరర్, ఉత్తరాంధ్ర

జవాబు: మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. 16 క్రెడిట్లలో ఒక్కటి కూడా తగ్గించకండి. అలాగని ఇప్పుడున్న నాలుగు పేపర్లలో ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టు కొనసాగించకండి. మీ విభాగంవాళ్లూ కెమిస్ట్రీ విభాగంవాళ్లూ పేపర్ల లెక్క మీద వాదించుకుంటున్నారు. తేలాల్సింది వేరే సంగతి. ఈ డిగ్రీ చేతికొచ్చిన పిల్ల ఒక చెరువు గట్టున నిలబడి ఏం కొలవగలగాలి, ఆ కొలతను చూసి ఏం చెప్పగలగాలి? అది తేలితే దానికి ఏ కెమిస్ట్రీ కావాలో అదే బయటపడుతుంది.

కాబట్టి సిలబస్ పుస్తకం పక్కన పెట్టి ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ పట్టభద్రులు చేయాల్సిన పనులు పది రాయండి: చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్, బోరు నీటిలో ఫ్లోరైడ్, ఫ్యాక్టరీ వ్యర్థజలం సీఓడీ (అందులోని వ్యర్థాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్), గాలిలో సల్ఫర్ డయాక్సైడ్, నేలలో పురుగుమందు అవశేషం, ఇలా. ఒక్కో పని కింద, అది అర్థమవడానికి కావలసిన కెమిస్ట్రీ భావనలు రాసుకుంటూ పోండి. ఏ పని కిందా రాని పాఠం సిలబస్‌లో ఉండనక్కర్లేదు. నాలుగైదు పనుల కింద మళ్లీ మళ్లీ వచ్చే పాఠానికి ఇప్పటికంటే ఎక్కువ గంటలు ఇవ్వాలి.

ఒకటి చేసి చూపిస్తాం. భీమవరం వైపు రొయ్యల చెరువులో మొత్తం అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము వచ్చిందనుకోండి. అది ప్రమాదమా కాదా? ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. రొయ్యకు విషం అయ్యేది ప్రధానంగా అయాను కాని అమ్మోనియా. అమ్మోనియం అయాన్ పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర రెండు రూపాలూ సగం సగం ఉంటాయో చెప్పే అంకె) 25 డిగ్రీల దగ్గర 9.25. అంటే పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.6 శాతం, 8 దగ్గర 5 శాతం, 9 దగ్గర 36 శాతం. పగలంతా నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. పొద్దున 7.5 ఉన్న చెరువు సాయంత్రం 9 దగ్గరికి వచ్చిందంటే, మొత్తం అమ్మోనియా అంగుళం కదలకపోయినా విషం ఇరవై రెట్లు అవుతుంది. దీని కింద ఏం రాయాలి? ఆమ్ల-క్షార సమతాస్థితి, పీకేఏ, లాగరిథమ్, కార్బోనేట్ బఫర్, ఉష్ణోగ్రత ప్రభావం. ఇదంతా ఇప్పుడు మీ ఫిజికల్ కెమిస్ట్రీ పేపర్లో ఉంది. ఆ పేపర్ ఎత్తేస్తే పిల్లలకు మిగిలేది ‘అమ్మోనియా ఎక్కువైతే చెడ్డది’ అన్న వాక్యం. ఆ వాక్యం రైతుకు మీకంటే బాగా తెలుసు.

ఇంకొకటి నల్గొండ ఫ్లోరైడ్. బీఐఎస్ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, కలిపి, తేర్చి, వడకడతారు. చాలా ల్యాబుల్లో పిల్లలు ఈ ప్రయోగం చేసి, తేరిన నీటిని నేరుగా, ఫ్లోరైడ్ ఉంటే రంగు తగ్గే స్పాడ్‌న్స్ రియేజెంట్‌తో 570 నానోమీటర్ల దగ్గర చదివి, ఫ్లోరైడ్ బ్రహ్మాండంగా తగ్గిందని రికార్డులో రాసేస్తారు. అక్కడ పెద్ద తప్పు జరుగుతుంది. నీటిలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను సంక్లిష్టంగా పట్టేసుకుంటుంది. అలా పట్టుబడ్డ ఫ్లోరైడ్ రంగు చర్యలోకి రాదు. ఫలితం అసలుకంటే తక్కువ కనిపిస్తుంది. తాగేవాళ్లకు ఇది అబద్ధపు భరోసా. నమూనాను ముందు డిస్టిలేషన్ చేయాలి, లేదా అల్యూమినియాన్ని వదిలించే టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలిపి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో చదవాలి. ఈ తప్పును పట్టుకోవాలంటే సంక్లిష్ట సమ్మేళనాల పాఠం కావాలి. అది ఇనార్గానిక్‌లో ఉంది. అయితే పిల్లలకు కావలసింది స్థిరత్వ స్థిరాంకం, లోహాన్ని పట్టుకునే లైగాండ్‌ల మధ్య పోటీ. క్రిస్టల్ ఫీల్డ్ విభజన శక్తి లెక్కలు ఈ డిగ్రీలో ఉండనక్కర్లేదు.

కోత ఎక్కడ పెట్టాలో ఈ పద్ధతిలోనే తేలుతుంది. క్రిస్టల్ ఫీల్డ్ సిద్ధాంతం, టర్మ్ సింబల్స్, ష్రోడింగర్ సమీకరణం సాధనలు, పేరున్న చర్యల జాబితా (పెర్కిన్, కానిజారో, రైమర్-టీమన్ వగైరా) యంత్రాంగాలతో సహా, హెటిరోసైక్లిక్ సంశ్లేషణలు, ఫేజ్ రూల్‌లో మిశ్రలోహాల చిత్రాలు: ఇవన్నీ కెమిస్ట్రీ మేజర్‌కు ప్రాణం, మీ పిల్లలకు బరువు. వీటిని తీస్తే చాలా గంటలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీలోకి ఇప్పుడు ఎక్కడా లేని పాఠాలు రావాలి: హెన్రీ నియమం, నేల కణాల మీద అధిశోషణం (లాంగ్‌మ్యూర్, ఫ్రాయిండ్లిష్), కాంతి రసాయన చర్యలు, ఆక్టనాల్-నీటి విభజన గుణకం (కొవ్వులాంటి ఆక్టనాల్‌కూ నీటికీ మధ్య ఒక పదార్థం ఎలా పంచుకుంటుందో చెప్పే అంకె), నమూనా సేకరణ, కొలతలో అనిశ్చితి.

ఆర్గానిక్ గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే మొదట తీసేద్దామనేది దాన్నే. దయచేసి ఒప్పుకోకండి. మన దేశ వాయు నాణ్యత ప్రమాణాల్లో (2009) 12 కాలుష్యకాలున్నాయి. వాటిలో బెంజీన్, బెంజో-ఎ-పైరీన్ ఆర్గానిక్ పదార్థాలు. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫార్మా వ్యర్థజలాలు, తాగునీటికి క్లోరిన్ కలిపినప్పుడు పుట్టే ట్రైహాలోమీథేన్‌లు, సుప్రీంకోర్టు 2011లో ఆపించిన పురుగుమందు ఎండోసల్ఫాన్, అన్నీ ఆర్గానిక్కే. డీడీటీ నీటిలో కంటే ఆక్టనాల్‌లో పది లక్షల రెట్లకు పైగా కరుగుతుంది. కొవ్వులో ఎందుకు చేరుతుందో, చేపలోంచి కొంగలోకి ఎందుకు పేరుకుంటుందో ఆ ఒక్క గుణకం చెబుతుంది. అణువు ధ్రువత తెలియని పిల్లకు అది బట్టీపట్టే అంకెగా మిగిలిపోతుంది.

2020 మే 7న విశాఖలో జరిగిన స్టైరీన్ లీకేజీ మీ పిల్లల ఇళ్లకు దగ్గరి విషయం. దాన్ని ఒక వారం పాఠంగా పెట్టండి. స్టైరీన్ తనంతట తాను పాలిమర్ అవుతుంది, ఆ చర్య వేడిని విడుదల చేస్తుంది, వేడి పెరిగితే చర్య వేగం ఇంకా పెరుగుతుంది. దీన్ని ఆపడానికి టెర్షియరీ బ్యూటైల్ క్యాటెకాల్ అనే నిరోధకాన్ని కలుపుతారు. అది పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. నిల్వ రోజులు పెరిగేకొద్దీ నిరోధకం అరిగిపోతుంది. ద్వంద్వబంధం, ఫ్రీ రాడికల్ చర్య, ఉష్ణమోచకం, ఆరీనియస్ సమీకరణం: ఆర్గానిక్, ఫిజికల్ రెండూ ఒక్క ట్యాంకులో కనిపిస్తాయి. పాత సిలబస్‌లో ఈ నాలుగూ రెండు పేపర్లలో, రెండు సెమిస్టర్లలో విడివిడిగా పడి ఉన్నాయి.

ఇక కొత్త పేపర్లు. మొదటి సెమిస్టర్లో ‘పర్యావరణ రసాయన శాస్త్ర పునాదులు’: మోల్ లెక్కలు, గాఢత యూనిట్లు, ఆమ్ల-క్షారాలు, అవక్షేపణ, సంక్లిష్టాలు, ఆక్సీకరణ-క్షయకరణ. రెండో సెమిస్టర్లో ‘పర్యావరణ ఆర్గానిక్ రసాయన శాస్త్రం’: ప్రమేయ సమూహాలు, ధ్రువత, జలవిశ్లేషణ, హాలోజనీకరణ, జీవవిచ్ఛిన్నం, పురుగుమందులు, ప్లాస్టిక్‌లు. మూడో సెమిస్టర్లో ‘నీరు, గాలి, నేలల రసాయన శాస్త్రం’: చర్యావేగం, హెన్రీ నియమం, అధిశోషణం, ఓజోన్, కాలుష్యపు పొగమంచు (స్మాగ్) రసాయనం. ఈ మూడూ ఇప్పటిలాగే 3+1. నాలుగో సెమిస్టర్లో ‘పర్యావరణ విశ్లేషణ రసాయన శాస్త్రం’ మాత్రం థియరీ 2, ల్యాబు 2 చేయండి. యూజీసీ లెక్కలో థియరీ క్రెడిట్‌కు 15 గంటలు, ప్రాక్టికల్ క్రెడిట్‌కు 30 గంటలు. కాబట్టి ఇప్పుడున్న 300 గంటలు 315 అవుతాయి. క్రెడిట్లు అవే 16. కెమిస్ట్రీ విభాగం భయం వెనక వర్క్‌లోడ్ ఉంటుంది. అది భయపడాల్సిన సంగతే, పోస్టులు దాని మీదే నిలుస్తాయి. గంటలు తగ్గవని కాగితం మీద ముందే చూపిస్తే సగం వాదన అక్కడికక్కడే తీరిపోతుంది. మొదటి రెండు పేపర్లు వాళ్లే చెప్పాలని ముసాయిదాలోనే రాయండి. మూడోది ఇద్దరూ పంచుకోండి.

మూడో సెమిస్టర్ పేపర్లో ఒక లెక్క తప్పనిసరిగా పెట్టండి. పాత పుస్తకాల్లో బీఓడీ (నీటిలోని వ్యర్థాన్ని విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్) అంటే 20 డిగ్రీల దగ్గర 5 రోజులు. మన ఐఎస్ పద్ధతిలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. రెండూ ఒకటేనా? వేగ స్థిరాంకం 20 డిగ్రీల దగ్గర రోజుకు 0.23 అనుకుని, డిగ్రీకి 1.047 రెట్లు చొప్పున పెంచితే 27 దగ్గర 0.317 వస్తుంది. అయిదు రోజుల్లో మొత్తం ఆక్సిజన్ అవసరంలో 68 శాతం, మూడు రోజుల్లో 61 శాతం. దగ్గర దగ్గరగా ఉంటాయి కానీ ఒకటి కావు. రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి నది బాగుపడిందని రాసేముందు ఈ లెక్క వేయడం మీ పిల్లలకు అలవాటు కావాలి.

ల్యాబు దగ్గర టైమ్‌టేబుల్ కొంప ముంచుతుంది. నాలుగో సెమిస్టర్ ల్యాబు 60 గంటలను 15 వారాలకు పంచితే వారానికి 4 గంటలు. దాన్ని ఒకే సిట్టింగ్‌గా ఇవ్వాలని సిలబస్‌లోనే రాయించండి. సీఓడీ రిఫ్లక్స్‌కే (ఆవిరి తిరిగి లోపలే పడేలా ఆమ్లంలో మరిగించడానికే) 2 గంటలు పడుతుంది. రెండు గంటల ముక్కలుగా ఇస్తే ల్యాబ్ అసిస్టెంట్ ముందే ఉడికించి పెడతాడు, పిల్లలు బ్యూరెట్ తిప్పి వెళ్తారు. బీఓడీ సీసాలు సోమవారం పెడితే గురువారం తీయాలి కాబట్టి ల్యాబు సోమవారమో మంగళవారమో ఉండాలి. గురువారం పెడితే తీయాల్సిన రోజు ఆదివారం.

కరిగిన ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతినే మొదటి ప్రయోగంగా పెట్టండి. మీటర్ ఉన్నా సరే. 300 మిల్లీలీటర్ల సీసాను గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ-అయొడైడ్-అజైడ్ ఒక్కో మిల్లీలీటరు పిపెట్ మొన నీటిలోపల ఉంచి వదలాలి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉంది, తెల్లగా ఉండిపోతే లేదు. తరవాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, 201 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్. ఒక మిల్లీలీటరు ఎందుకు ఎక్కువ తీశారో చెప్పగలిగిన పిల్లకు ప్రయోగం అర్థమైనట్టు: రియేజెంట్‌లు పోసినప్పుడు 300లో 2 మిల్లీలీటర్ల నమూనా బయటికి పొర్లిపోయింది, 200కు ఆ వాటా ఒకటికి కాస్త పైన. స్టార్చ్‌ను రంగు లేత గడ్డి పసుపుకు వచ్చాకే వేయాలి. ముందే వేస్తే అయొడిన్ అందులో చిక్కుకుని తొందరగా వదలదు, ఎండ్‌పాయింట్ దాటిపోతుంది. చివరగా ఒక సరిచూపు: 30 డిగ్రీల మంచినీటిలో సంతృప్త ఆక్సిజన్ 7.56 మిల్లీగ్రాములే. ఎండాకాలం బావినీటిలో ఎవరైనా 11 తెస్తే సీసాలో బుడగ ఉన్నట్టే.

నీటి కాఠిన్యం ప్రయోగంలో ఎండ్‌పాయింట్ సాగుతూ ఉంటే మొదట బఫర్ సీసా వాసన చూడమనండి. పాత సీసాలోంచి అమ్మోనియా ఎగిరిపోయి పీహెచ్ 10 కంటే దిగిపోయి ఉంటుంది.

సీఓడీ వ్యర్థం సంగతి మాత్రం సిలబస్‌లోనే రాయాలి. అందులో పాదరసం, వెండి, క్రోమియం మూడూ ఉంటాయి. 20 మిల్లీలీటర్ల నమూనాతో ఓపెన్ రిఫ్లక్స్ చేస్తే ఒక్కో ఫ్లాస్కుకు 60 మిల్లీలీటర్ల విషం. ఇరవై మంది, బ్లాంకులు కలిపితే ఒక పూటకు లీటరున్నర. దాన్ని సింకులో పోసే విభాగానికి పర్యావరణం పేరు పెట్టుకునే అర్హత లేదు. 16 మిల్లీమీటర్ల ట్యూబుల్లో క్లోజ్డ్ రిఫ్లక్స్‌కు మారండి: 2.5 నమూనా, 1.5 డైజెషన్ ద్రావణం, 3.5 ఆమ్ల రియేజెంట్, మొత్తం 7.5 మిల్లీలీటర్లు. ఎనిమిదో వంతు. మిగిలినదాన్ని మూత గట్టిగా ఉన్న విడి క్యాన్‌లో లేబుల్‌తో పోగుచేసి, పరవాడలోనో దుండిగల్‌లోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపేందుకు ఏటా కొంత డబ్బు బడ్జెట్‌లో చూపించండి.

నమూనా సేకరణకు కనీసం రెండు సిట్టింగులు ఇవ్వండి. లోహాలకు నత్రికామ్లంతో పీహెచ్ 2 లోపు, సీఓడీకి, అమ్మోనియాకు సల్ఫ్యూరిక్‌తో 2 లోపు, బీఓడీకి ఆమ్లమే వేయకుండా చల్లగా ఉంచి అదే రోజు ల్యాబుకు. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా. అన్నిటినీ ఒకే సీసాలో తెచ్చే అలవాటు ఇక్కడే మాన్పించాలి.

సీఈసీ, ఒకేషనల్ పిల్లల విషయానికి వద్దాం. వాళ్లు కెమిస్ట్రీలో తప్పుతున్నారని మీరంటున్నారు. గత మూడేళ్ల జవాబుపత్రాలు ఒక యాభై తీసి ఏ ప్రశ్న దగ్గర మార్కులు పోయాయో లెక్కపెట్టి చూడండి. చాలాచోట్ల అది లాగరిథమ్, యూనిట్ మార్పిడి, నిష్పత్తి దగ్గర తేలుతుంది. తరగతులు మొదలవకముందు 20 గంటల బ్రిడ్జి కోర్సు పెట్టండి, క్రెడిట్ లేకుండా: మోల్, పీపీఎం (పది లక్షలకు ఎన్ని భాగాలు) నుంచి మైక్రోగ్రాములు, లాగ్, గ్రాఫు వాలు. ఉదాహరణకు సల్ఫర్ డయాక్సైడ్ 24 గంటల ప్రమాణం ఘనమీటరుకు 80 మైక్రోగ్రాములు. అది ఎన్ని పీపీఎం? 25 డిగ్రీల దగ్గర మోల్ వాయువు 24.45 లీటర్లు, అణుభారం 64, కాబట్టి 0.03 పీపీఎం. ఈ లెక్క స్వయంగా వేయగలిగిన సీఈసీ పిల్ల మొదటి పేపర్లో నిలబడుతుంది. మన దగ్గర బ్యాక్‌లాగ్ ఉన్నా పై సెమిస్టర్‌కు పంపిస్తాం కాబట్టి కాగితం మీద ముందస్తు అర్హత రాసి లాభం లేదు. దానికి బదులు నాలుగో సెమిస్టర్ ల్యాబులోకి వెళ్లేముందు అరగంట పరీక్ష పెట్టండి: అయిదు లెక్కలు, ఆమ్లాన్ని నీటిలో కలిపే పద్ధతి ఒకటి. తప్పినవాళ్లు వారం తరవాత మళ్లీ రాస్తారు.

కోర్సు పేర్లు తేలిగ్గా తీసుకోకండి. మార్కుల మెమోలో ‘ఎన్విరాన్‌మెంటల్ పేపర్ 3’ అని ఉంటే రేపు ఎమ్మెస్సీ కౌన్సెలింగ్‌లోనో ఉద్యోగ ధ్రువపత్రాల పరిశీలనలోనో అది కెమిస్ట్రీ అని ఎవరూ ఒప్పుకోరు. నాలుగు పేపర్ల పేర్లలోనూ కెమిస్ట్రీ అన్న మాట ఉండాలి. అమెరికాలో మాస్టర్స్‌కు వెళ్లే పిల్లల్ని ల్యాబుతో కూడిన జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు చదివారా అని అడగడం మామూలే. ల్యాబు గంటలు మెమోలో విడిగా కనబడేలా చూడండి. పీజీ ప్రవేశాల అర్హత నిబంధనలు, కాలుష్య నియంత్రణ మండలి అనలిస్టు పోస్టుల పాత నోటిఫికేషన్లు ముసాయిదాకు జతచేయండి. గేట్‌లో 2021 నుంచి ఉన్న ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్‌లో ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ ఒక పూర్తి విభాగం. అది కూడా మీ వాదనకు బలం.

ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991 ఆదేశంతో మొదలై డిగ్రీ పిల్లలందరికీ వచ్చిన తప్పనిసరి పర్యావరణ అధ్యయనం పేపర్‌తో దీన్ని కలపనివ్వకండి. ‘అది ఉందిగా’ అని సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. అది అవగాహన కోసం పెట్టింది. ఇది వృత్తి కోసం.

చివరిగా, పాత బ్యాచ్. కొత్త సిలబస్ వచ్చే ఏడాది చేరేవాళ్లకే వర్తిస్తుంది. ఆర్గానిక్ పాత పేపర్ తప్పినవాళ్లు ఏ పరీక్ష రాయాలి? పాత పేపర్, దానికి సమానమైన కొత్త పేపర్, పాత ప్రశ్నపత్రం ఎన్ని సార్లు ఇస్తారు, ఆ తరవాత ఏం రాయాలి: ఇవి ఒక్క పేజీలో పట్టికగా వేసి, పరీక్షల కంట్రోలర్ సంతకం ముందే తీసుకోండి. దాంతోపాటు నాలుగు పేపర్లకూ మాదిరి ప్రశ్నపత్రాలు ఉండాలి. బయటి నిపుణులకు ఇవన్నీ సమావేశానికి పదిరోజుల ముందే పంపండి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాటినా అకడమిక్ కౌన్సిల్ దగ్గర సిలబస్‌లు వెనక్కి వచ్చేది పాఠాల వల్ల కాదు, ఈ పట్టిక లేకపోవడం వల్లే. పనుల జాబితాతో పేపర్లు తేలాక మీరు మొదట తయారుచేయాల్సిన కాగితం అదే.